పెరికిన రోజుకీ అమ్మిన రోజుకీ మధ్య: కర్నూలు ఖరీఫ్ ఉల్లిపై ఒక కేస్ స్టడీ

పంట చేతికొచ్చాక జరిగే నష్టాలను తగ్గించే పనిలో నేను రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, జిల్లా స్థాయి ప్రణాళికలు రాసేవాళ్ళకు సలహాదారుగా ఉంటాను. ఈ కేసు కర్నూలు జిల్లాలోని ఒక ఉల్లి ప్రాంతానిది. మండలం పేరు, యార్డు పేరు, సంఘం పేరు రాయడం లేదు. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఇక్కడ ఇచ్చిన తూకాలు మేము వెంబడించిన కొద్ది లోడ్లవి మాత్రమే. జిల్లా మొత్తానికి వాటిని అన్వయించకూడదు.

నేపథ్యం

కర్నూలు ఉల్లిలో ఎక్కువ భాగం ఖరీఫ్ పంట. కొందరు మే చివర్లోనే బోరు నీళ్ళ మీద విత్తనం వేస్తారు, మిగతావాళ్ళు తొలకరికి వేస్తారు. ఆగస్టు నుంచి నవంబరు దాకా గడ్డ మార్కెట్టుకు వస్తుంది. హైదరాబాదుకూ, తాడేపల్లిగూడేనికీ ఇక్కడి నుంచే లారీలు పోతాయి. అదే నెలల్లో మహారాష్ట్ర రైతులు వేసవిలో తీసి నిల్వ పెట్టుకున్న రబీ ఉల్లి కూడా మార్కెట్లో ఉంటుంది. ఆ గడ్డ ఆరి, గట్టిపడి, పొరలు పట్టుకుని ఉంటుంది. మనది అప్పుడే నేలలోంచి వచ్చిన పచ్చిగడ్డ. రెండింటినీ పక్కపక్కన పోసి వేలం పాడితే ఏది వెనకబడుతుందో చెప్పక్కర్లేదు.

ఖరీఫ్ గడ్డకు పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. రబీ ఉల్లి ముదిరితే ఆకు దానంతటదే మెడ దగ్గర వాలిపోతుంది. వానాకాలపు గడ్డ మెడ వాలదు, లావుగా, పచ్చిగా ఉండిపోతుంది. కుళ్ళు తెచ్చే క్రిములు లోపలికి పోయేది ఆ పచ్చిమెడలోంచే. రబీ రకాలు సరిగ్గా ఆరబెడితే నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తాయి. ఖరీఫ్ రకాలకు నెలా నెలన్నర నిలవడమే గొప్ప. పైగా మా జిల్లాలో బాగా వాన పడే నెల సెప్టెంబరు, గడ్డ పెరికేది కూడా అప్పుడే.

మా ముందుకు వచ్చిన సమస్య

2022 ఖరీఫ్‌లో ధర పడిపోయింది. యార్డు వెనక కుళ్ళిన గడ్డల గుట్టలు, రోడ్డు పక్కన పారబోసిన సంచులు అందరి కంటా పడ్డాయి. ఆ తర్వాత ఆహార నష్టం తగ్గించడానికి ప్రాంతీయ ప్రణాళిక ఒకటి రాయాలని కొందరు కూర్చున్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 12.3 అనే అంశం ఉంది. 2030 నాటికి దుకాణాల్లో, ఇళ్ళలో తలసరి ఆహార వృథాను సగానికి తగ్గించాలని, పొలం నుంచి మార్కెట్టు దాకా జరిగే నష్టాన్నీ తగ్గించాలని అది చెబుతుంది. వృథా వేరు, నష్టం వేరు. మా తొలి ముసాయిదాలో ఈ రెండూ ఒకే శీర్షిక కింద చేరిపోయాయి. ఫంక్షన్ హాళ్ళలో మిగిలిన అన్నం గురించి నాలుగు పేజీలు రాశాం. ఉల్లికి ఒక పేరా దక్కింది. కంటికి కనిపించే వృథా గురించి మాట్లాడటం సులువు.

ఆ ఒక్క పేరాలో నేను రాసిన అంకె 8.20 శాతం. భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన లూధియానాలోని సిఫెట్ సంస్థ 2015లో ఇచ్చిన అధ్యయనంలో ఉల్లి నష్టం అంత అని ఉంది. టమాటాకు 12.44, జామకు 15.88. అంకె సరైనదే, నేను వాడిన తీరే తప్పు. అది దేశం మొత్తానికి సగటు. నిల్వకు తట్టుకునే రబీ గడ్డ, తట్టుకోని ఖరీఫ్ గడ్డ రెండూ అందులో కలిసి ఉన్నాయి. ఆ సగటును మా వానాకాలపు పంటకు అంటగట్టి, నష్టం అన్ని దశల్లోనూ కొంచెం కొంచెంగా జరుగుతోందని అనుకున్నాను. ఎక్కడ పోతోందో తెలియకుండానే మందు రాశాను.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

మొదటి నిర్ణయం శీతల గిడ్డంగి. వేసవిలో మిరపకు కట్టిన ఒక ప్రైవేటు గిడ్డంగి సెప్టెంబరుకు సగం ఖాళీగా ఉంది. స్థలం ఉంది, సరుకు ఉంది, రెండింటినీ కలిపితే చాలనుకున్నాం. రెండు లోడ్లు పెట్టాం. ఉల్లికి చల్లదనం పనికిరావాలంటే సున్నా నుంచి రెండు డిగ్రీల మధ్య ఉండాలి, గాలిలో తేమ 65 నుంచి 70 శాతం దాటకూడదు. లేదంటే 25 నుంచి 30 డిగ్రీల మామూలు వేడిలో గాలి బాగా ఆడాలి. ఈ రెండింటికీ నడుమ ఉన్న చల్లదనమే గడ్డను నిద్ర లేపి మొలకెత్తిస్తుంది. మిరప గిడ్డంగి సరిగ్గా ఆ నడిమి చల్లదనంలోనే నడుస్తుంది. ఆరు వారాలకు సంచులు బయటికి తీస్తే పైకి బాగానే ఉన్నాయి. నాలుగు రోజులు తిరగకముందే మొలకలు వచ్చాయి, మెడలు మెత్తబడ్డాయి. పక్క గదిలోని సరుకుకు ఉల్లి వాసన పట్టిందని గిడ్డంగి యజమాని బాధపడ్డాడు, అందులో అన్యాయమేమీ లేదు. ఆ లోడ్ల రైతులకు నష్టం కొంత సంఘం నుంచి ఇప్పించగలిగాం, మొత్తం ఇప్పించలేకపోయాం. అది ఇప్పటికీ నా మనసులో ఉంది.

రెండోది సోలార్ డ్రయ్యర్లు. ఒక మహిళా సంఘం ఉల్లిని ముక్కలు కోసి ఆరబెట్టి పొడిగా, రేకులుగా అమ్మాలన్నది ఆలోచన. ఎండబెట్టే పరిశ్రమకు కావలసింది తెల్ల ఉల్లి, అందులో ఘనపదార్థం ఎక్కువగా ఉంటుంది. గుజరాత్‌లో మహువా చుట్టుపక్కల ఆ పరిశ్రమ నిలదొక్కుకోవడానికి తెల్లగడ్డే ఆధారం. మన ఎర్రగడ్డలో నీరెక్కువ. ఎండితే రంగు గోధుమ, గులాబీ కలిసినట్టుగా తేలుతుంది, కొనేవాడు ధర తగ్గిస్తాడు. అన్నిటికంటే మొండి సమస్య ఆకాశం. గడ్డ వచ్చే నెలలోనే మబ్బు కమ్ముతుంది, మబ్బులో సోలార్ డ్రయ్యర్ ఏం చేస్తుంది? ముక్కలు ఎండకముందే పులిసిపోయాయి. సంఘం అధ్యక్షురాలు ఒకే మాట అన్నది: "ఎండ ఉన్నప్పుడు గడ్డ లేదు సార్, గడ్డ ఉన్నప్పుడు ఎండ లేదు." ఆ డ్రయ్యర్లు మూలపడలేదు. ఫిబ్రవరి, మార్చిలో టమాటాకు, కరివేపాకుకు ఇప్పుడూ వాడుతున్నారు. యంత్రంలో లోపం లేదు, దాన్ని పంట కాలంతో ముడిపెట్టడంలో మేమే తప్పాం.

మూడోది 2023లో పెట్టిన టోకెన్లు. యార్డులో ఒకే రోజు వందల బండ్లు నిలబడకుండా గ్రామానికో రోజు ఇచ్చాం. రైతు సేవా కేంద్రాల (అప్పటికి రైతు భరోసా కేంద్రాలే) ద్వారా ఫోన్లకు సందేశాలు పంపాం. కాగితం మీద అందంగా ఉన్న ఆ పద్ధతి పది రోజుల్లో చెదిరిపోయింది. బండ్లు తమకు ఇచ్చిన రోజున రాలేదు, వేరే రోజున వచ్చాయి. రైతులకు క్రమశిక్షణ లేదని మా సమావేశంలో ఒకరు అన్నారు. నేను అప్పుడు మాట్లాడలేదు, మాట్లాడి ఉండాల్సింది. టోకెన్ తేదీని రైతు ఎందుకు పాటించలేకపోతున్నాడని మాలో ఎవరూ వెళ్ళి అడగలేదు.

2023 మమ్మల్ని ఇంకోలా కూడా మోసం చేసింది. ఆ ఏడాది దేశంలో ఉల్లికి కొరత వచ్చింది. కేంద్రం ఆగస్టులో ఎగుమతులపై 40 శాతం సుంకం వేసింది, డిసెంబరు 8న ఎగుమతులనే ఆపేసింది. ఆ మధ్య నెలల్లో ఇక్కడ ఏ గడ్డ తెచ్చినా అమ్ముడుపోయింది. మేము నష్టాన్ని లెక్కగడుతున్నది యార్డులో కొనకుండా వదిలేసిన సరుకును బట్టి. వదిలేసింది తక్కువ కాబట్టి నష్టం తగ్గిందని నివేదిక రాశాం. నిజానికి గడ్డ నాణ్యత మారలేదు. మెత్తబడిన గడ్డను కూడా కొనుక్కుపోయారు, అది హైదరాబాదులో ఎవరి దుకాణంలోనో, ఎవరి వంటింట్లోనో కుళ్ళి ఉంటుంది. మా లెక్కలోంచి తప్పుకున్నంత మాత్రాన నష్టం పోయినట్టు కాదు. ఆ నివేదికను ఉపసంహరించుకోవాలని తర్వాత నేనే అడిగాను.

తూకం పట్టుకుని వెంట నడిచాక

2024లో కొత్తగా ఏమీ కట్టవద్దని, ముందు 16 లోడ్లను పొలం నుంచి వేలం దాకా వెంబడించాలని పట్టుబట్టాను. పెరికినప్పుడు, ఆకు కోశాక, సంచికి ఎత్తాక, యార్డు గేటు దగ్గర, కాటా మీద, ఇలా అయిదు చోట్ల తూచాం. ధర రాసుకోలేదు, బరువు, కుళ్ళు, తడి మాత్రమే రాసుకున్నాం. ధర రాస్తే మళ్ళీ అదే మమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుందని భయం.

పొలంలో పోయేది నూటికి రెండు మూడు కిలోలు. లారీ కుదుపులకు పోయేది ఇంకా తక్కువ. పెరికిన రోజుకీ అమ్మిన రోజుకీ మధ్య గడ్డ సంచిలో ఉన్న కాలం ఎక్కువైన కొద్దీ నష్టం పెరిగింది. రెండో రోజు అమ్ముడుపోయిన లోడులో కుళ్ళు దాదాపు లేదు. అయిదు రోజులు ఆగిన లోడులో నూటికి పది కిలోల పైన ఏరి పారేయాల్సి వచ్చింది. వాన పడితే రైతు సంచుల మీద పట్టా కప్పుతాడు. పచ్చిగడ్డ ఊపిరి తీస్తూ వేడినీ ఆవిరినీ వదులుతుంది. ఆ ఆవిరి పట్టా కింది వైపు చెమటలా పట్టి తిరిగి గడ్డ మీదే పడుతుంది. వాన తడవకుండా కాపాడామనుకున్న సరుకు లోపలి నుంచి తడిసింది.

అయితే రైతు పచ్చిగడ్డను ఎందుకు సంచికి ఎత్తుతున్నాడు? ఉల్లికి పెరకడానికి పది పదిహేను రోజుల ముందే నీళ్ళు ఆపాలి, ఇది తెలియని రైతు లేడు. తెలిసీ పెరికే ముందు రోజు ఒక తడి ఇస్తున్నారు. మా ప్రాంతంలో కొన్ని నేలలు ఎండితే రాయిలా బిగుసుకుంటాయి. తడి ఇవ్వకుండా పెరికితే ఆకు తెగి గడ్డ నేలలో ఉండిపోతుంది, కూలీ రెట్టింపవుతుంది. తడితో కొంచెం బరువు కూడా వస్తుంది. రైతు చేస్తున్నది తెలివితక్కువ పని కాదు, అతని లెక్కలో అది లాభమే.

టోకెన్ తేదీలు ఎందుకు చెదిరాయో కూడా ఈ వెంబడింపులోనే తేలింది. ఒక సాయంత్రం ఆకు కోస్తున్న ముఠా దగ్గర కూర్చున్నాను. మేస్త్రి అరవై దాటిన మనిషి. నా టోకెన్ల గురించి చెబితే కత్తి ఆపకుండానే అన్నది: "నువ్వు రైతుకు తేదీ ఇచ్చినావు నాయనా. పెరికేది రైతు కాదు, మేము. మేము ఏ చేన్లో ఉంటే ఆ చేను గడ్డ పైకొస్తాది. మాకు ఎవరూ తేదీ ఇయ్యలేదే."

రైతుకు తేదీ ఖరారు చేసే ఇంకో మనిషి కమీషన్ ఏజెంటు. విత్తనానికీ ఎరువుకీ ముందుగా అప్పిచ్చేది చాలాసార్లు ఆయనే. ఆయన లారీ ఏ రోజు మాట్లాడితే ఆ రోజు సరుకు పంపాలి. మా టోకెన్‌లో ఇంకో తేదీ ఉంటే రైతు ఎవరి మాట వింటాడు? ఏజెంటు అప్పు పుస్తకంలో ఎవరు ఎప్పుడు విత్తారు, ఎప్పుడు పెరుకుతారు, ఎన్ని సంచులు రావచ్చు అన్నీ ఉంటాయి. మేము ఉపగ్రహ చిత్రాల గురించి మాట్లాడుకుంటున్నాం, అంచనా మాత్రం వాళ్ళ చేతిసంచుల్లో ఉంది.

ఏం మార్చాం

సమావేశానికి పిలిచే మనుషులను ముందు మార్చాం. మా పట్టికలో అధికారులు, బ్యాంకువాళ్ళు, సంఘం డైరెక్టర్లు ఉండేవాళ్ళు. ఈసారి కూలీ ముఠాల మేస్త్రులను, హమాలీల పెద్దను, లారీ బ్రోకర్లను, కమీషన్ ఏజెంట్లను పిలిచాం. కూలీ ఆగిపోకుండా సమావేశం రాత్రి పూట పెట్టాం.

రెండోది పంచాంగం. రాష్ట్ర ప్రభుత్వ పంట నమోదు విధానమైన ఈ-క్రాప్‌లో ఎవరు ఏ పంట ఎప్పుడు వేశారో ఉంటుంది. ఆ తేదీలకు గడ్డ ముదిరే రోజులు కలిపి ఏ గ్రామంలో ఏ వారం పెరుకుతారో గ్రామ ఉద్యాన సహాయకులు ఒక పట్టిక తీశారు. ఏజెంట్ల అంచనాతో దాన్ని సరిచూశాం. అప్పుల వివరాలు మాకు వద్దని, వారానికి ఏ ఊరి నుంచి ఎన్ని సంచులన్నది చాలని ముందే చెప్పాం. అందుకే ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ పట్టికను రైతులకు టోకెన్లుగా పంచలేదు, మేస్త్రుల చేతిలో పెట్టాం. ఏ ముఠా ఏ వారం ఏ ఊళ్ళో అన్నది వాళ్ళే తమలో తాము సర్దుకున్నారు. ఒకే ఊరి మీద నాలుగు ముఠాలు పడటం తగ్గింది, ముఠాలకు కూడా పనిదినాలు పెరిగాయి. వాళ్ళకు లాభం లేకపోయి ఉంటే ఇది రెండు వారాలు కూడా నిలిచేది కాదు.

మూడోది తడి. తడి ఇవ్వవద్దని చెప్పడం మానేశాం. గడ్డ కిందుగా గుంటక (ఎద్దులు లాగే బ్లేడు పనిముట్టు) తోలి నేలను వదులు చేస్తే తడి లేకుండానే గడ్డ పైకి లేస్తుందని ఒక పెద్ద రైతు తన చేన్లో చూపించాడు. ఎద్దులు లేనివాళ్ళకు ట్రాక్టరు వెనక బ్లేడు కట్టి తోలే ఏర్పాటు సంఘం చేసింది. లోతు తప్పితే గడ్డ తెగుతుంది, మొదటి వారం కొన్ని తెగాయి కూడా. డ్రైవరుకు అలవాటయ్యాక నిలదొక్కుకుంది. నీళ్ళు ఆపమని పదేళ్ళుగా కరపత్రాలు పంచిన మనం ఆ తడి ఎందుకిస్తున్నావని అడిగి ఉంటే ఎప్పుడో తేలిపోయేది.

నాలుగోది ఆరబెట్టడం. ఇందులోనే వాదన ఎక్కువ జరిగింది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పెరికిన గడ్డను మూడు రోజులు చేన్లోనే వరసలుగా పరచాలి. ఒక వరస ఆకు పక్క వరస గడ్డ మీదికి వచ్చేలా వేస్తే ఎండ నేరుగా తగలదు. తర్వాత మెడ రెండు, రెండున్నర సెంటీమీటర్లు వదిలి ఆకు కోసి, నీడలో వారం పది రోజులు ఆరనివ్వాలి. వానకు చేన్లో పరచలేని రోజుల కోసం నేల నుంచి అడుగు ఎత్తులో వెదురు తడికెల పందిళ్ళు వేశాం. పైన కప్పు, పక్కలు పూర్తిగా తెరిచి ఉంటాయి. ఉద్యాన మిషన్ పథకం కింద ఉల్లి నిల్వ నిర్మాణాలకు సగం రాయితీ ఉంది. కొందరు దాన్ని వాడుకున్నారు. ఎక్కువమంది సంఘం డబ్బుతో వేసిన ఉమ్మడి పందిళ్ళలోనే వంతులవారీగా ఆరబెట్టారు.

రైతుల అభ్యంతరం సూటిగా ఉంది. "ఆరబెడితే బరువు పోతాది సార్. బరువు పోగొట్టుకోవడానికి మేమే ఖర్చు పెట్టుకోవాల్నా?" అన్నాడొకాయన. ఆయన చెప్పింది నిజం. ఆరిన గడ్డ బరువు తగ్గుతుంది. దానికి జవాబు నా దగ్గర పాఠంగా లేదు, అందుకే ప్రయోగం పెట్టాం. ఒకే చేను నుంచి పది సంచులు ఆరబెట్టినవి, పది సంచులు అప్పటికప్పుడు ఎత్తినవి తీసుకుని, ఒకే కప్పు కింద పన్నెండు రోజులు పెట్టి అందరి ముందు విప్పాం. ఆరబెట్టిన వాటిలో మొదట పోయిన బరువే పోయింది, తర్వాత ఏరేయాల్సింది గుప్పెడు. ఆరబెట్టనివి విప్పగానే వాసన కొట్టింది. ఏరి పారేశాక తూస్తే ఆరిన సంచుల కంటే తక్కువ తూగాయి. ఆయన ఏమీ అనలేదు. మరుసటి వారం పందిరిలో వంతు రాయించుకున్నాడు.

ప్రయోగం ఒకటే అందరినీ మార్చలేదు. మిగిలినవాళ్ళను కదిలించింది సూటు, అంటే వ్యాపారి తూకంలో కోసుకునే కోత. తడి ఉందని, మట్టి ఉందని సంచికి కొన్ని కిలోలు కోసుకోవడం నియమాల ప్రకారం చెల్లదు. నాకు మొదటి నుంచీ ఆ పద్ధతి అన్యాయంగానే కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద నిషేధించి ఊరుకుంటే ధరలోనో, కాటాలోనో ఇంకో పేరుతో వస్తుంది. కొనేవాడికి తడి గడ్డ వల్ల నిజంగా నష్టం ఉన్నంతకాలం అది రైతు మీదికే మళ్ళుతుంది. కాబట్టి వ్యాపారులతో ఒక మాట కుదుర్చుకున్నాం. పందిరిలో ఆరిన లాటు వేరే ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది, ముందు వేలం పాడతారు, సూటు ఉండదు. ఏ పందిట్లో ఎన్ని రోజులు ఆరిందో చీటీ మీద రాసి సంచికి కడతారు. మొదటి వారం ఇద్దరు వ్యాపారులు పాత పద్ధతిలోనే కోశారు. రైతులు తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు) తెచ్చి చూపించారు, హమాలీల పెద్ద స్వయంగా కాటా దగ్గర నిలబడ్డాడు. తర్వాత ఆగింది.

చిన్నగడ్డలు, జంటగడ్డల మాట క్లుప్తంగా. మునుపు అవి మంచి గడ్డలతో కలిసి మొత్తం లాటు ధరను దించేవి. ఇప్పుడు ఊళ్ళోనే ఏరి, వారంలో వాడేసే చోట్లకు పంపుతున్నాం: హాస్టల్ మెస్‌లు, హోటళ్ళు, పకోడీ బండ్లు. కుళ్ళు మొదలైనవి మాత్రం పశువులకు వేయడం ఆపించాం. ఉల్లి ఎక్కువ తింటే ఆవులు, గేదెల రక్తంలో ఎర్రకణాలు చిట్లిపోతాయి. గొర్రెలు కొంత తట్టుకుంటాయి కానీ మేత మొత్తం అదే కాకూడదు. పారబోసిన గడ్డల మీదికి మందలు తోలుకురావడం మా దగ్గర మామూలు, కాబట్టి ఈ సంగతి గొర్రెలకాపర్లకు పశువైద్యుల చేతే చెప్పించాం.

గీత ఎక్కడ గీయాలి

ప్రాంతీయ ప్రణాళిక అన్న పేరు పెట్టుకున్నాం కానీ మేము ప్రాంతం అనుకున్నది జిల్లాను. 2022 ఏప్రిల్ 4న పాత కర్నూలు జిల్లా రెండయి నంద్యాల విడిపోయింది. యార్డుకు సరుకు తెచ్చే రైతులకు ఆ గీతతో పని లేదు. నంద్యాల వైపు నుంచి వస్తారు, తుంగభద్ర దాటి తెలంగాణ గ్రామాల నుంచీ వస్తారు. మా పంచాంగం ఎంత బాగా నడిచినా అటువైపు నుంచి ఒకేసారి వంద బండ్లు వస్తే గేటు దగ్గర మావాళ్ళూ ఆగాల్సిందే. 2024 అక్టోబరులో సరిగ్గా అదే జరిగింది. రెండు జిల్లాల, రెండు రాష్ట్రాల శాఖలను ఒక కమిటీగా కూర్చోబెట్టాలని ఉత్తరాలు రాశాను. అది నెలల పని, గడ్డ నెలలు ఆగదు. చివరికి అవతలి గ్రామాల మేస్త్రులను, అక్కడ అప్పులిచ్చే ఏజెంట్లను కూడా అదే వాట్సాప్ బృందంలో చేర్చాం. ప్రతి ఆదివారం రాత్రి వచ్చే వారం అంచనా అందులో పడుతుంది. అధికారిక హోదా దానికి లేదు. అది లేకపోవడం వల్ల ఒక ఇబ్బంది ఉంది: ఒక ముఖ్యమైన మనిషి తప్పుకుంటే ఆగిపోవచ్చు. ప్రణాళిక హద్దును జిల్లా గీతతో కాక, ఆ యార్డుకు సరుకు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో ఆ మేరకు గీయాలని మా సవరించిన ముసాయిదాలో రాశాం. ఈ కేసులో నేను గట్టిగా నిలబడే మాట ఇదే.

2025

అసలు పరీక్ష 2025లో వచ్చింది. ధర మళ్ళీ కూలింది. ఆగస్టు చివర్లో రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామని ప్రకటించింది, ఆ తర్వాత హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. కొంటున్నారన్న వార్త విన్న రైతు ఆగడు. ముదరని గడ్డను కూడా పెరికి బండి కడతాడు, అతని భయం అలాంటిది. మా పంచాంగం ఆ రెండు వారాలు దాదాపు పక్కకు పోయింది. పందిళ్ళు మాత్రం పనికొచ్చాయి. లైన్లో నాలుగు రోజులు నిలబడ్డ లాట్లలో ఆరిన గడ్డ నిలిచింది, ఆరనిది కారింది. ఆ తేడాను ఈసారి తూకం లేకుండానే అందరూ చూశారు.

అయినా ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఆ సీజను తర్వాత కలిసినప్పుడు పందిరిలో మొదటి వంతు రాయించుకున్న రైతు అన్నాడు: "ఈ సారి గడ్డ కుళ్ళలేదు సార్. ధరే కుళ్ళింది." నష్టం తగ్గించడం, రైతు ఆదాయం పెంచడం ఒకటేనని మా తొలి ప్రణాళికలో ధైర్యంగా రాసింది నేనే. నెలన్నర మించి నిలవని గడ్డను ఎంత బాగా ఆరబెట్టినా అది మంచి ధర వచ్చేదాకా ఎదురుచూడలేదు. దానికి విత్తే కాలమే మారాలి. నీటి వసతి ఉన్న బోర్ల కింద కొంత విస్తీర్ణాన్ని నిల్వకు తట్టుకునే రకాలతో రబీకి మళ్ళించాలి. పుణె దగ్గరి రాజగురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ ఇచ్చిన భీమా శక్తి, భీమా కిరణ్ లాంటి రకాలను కొద్దిమంది రైతులు ఈ శీతాకాలం వేసి చూస్తున్నారు. వేసవిలో నీళ్ళు చాలతాయా, మహారాష్ట్ర గడ్డతో పోటీలో నిలుస్తుందా అన్నది మే నెలలో గడ్డ చేతికొస్తేనే చెప్పగలను.

ఇదే పని ఇంకెక్కడైనా మొదలుపెట్టేవాళ్ళు నన్ను ముందు ఏం కట్టమంటావని అడుగుతారు. మొదటి సీజనంతా ఏమీ కట్టవద్దంటాను. ఒక కాటా, ఒక పుస్తకం, పదిహేను లోడ్లు చాలు. సరుకు ఎన్ని రోజులు ఆగింది, ఎందుకు ఆగింది, ఆ తేదీ ఎవరు నిర్ణయించారు, ఈ మూడింటినీ ప్రతి లోడుకూ రాసుకోవాలి. ఆ మూడో ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఒక కూలీ ముఠా మేస్త్రి. టమాటాలోనో, చీనీ (బత్తాయి)లోనో ఆ జవాబు వేరే మనిషి కావచ్చు.

ఆ మేస్త్రి ఇప్పుడు ఒక పాత డైరీలో తేదీలు రాయిస్తోంది. తనకు చదువు రాదు, మనవరాలు రాస్తుంది. ఊరి పేరు, చేను, పెరికే రోజు, పందిరి నంబరు. కిందటి ఆగస్టులో ఫోన్ చేసి, మూడో పందిరి బుధవారానికి ఖాళీ అవుతుందా లేదా చెప్పమంది. అవుతుందో లేదో నాకు తెలియదన్నాను. "అయితే నేనే పోయి చూసుకుంటాలే" అని పెట్టేసింది.